పాత రాయి, కొత్త రాయి



నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడి గ్రంథాలయంలో ఒక జానపద కథల పుస్తకం ఉండేది. బీరువాలో ఉన్న పుస్తకాలన్నిటిలోకీ బాగా నలిగిన పుస్తకం అదే. ఒక ఏడు వేసవి సెలవుల్లో బీరువాకు చెదలు పట్టాయి. బడి తెరిచేసరికి ఆ పుస్తకంలో చివరి ఎనిమిది పేజీలు లేవు. రాజకుమారుడు రాక్షసుడి గుహలోకి వెళ్ళటంతో కథ ఆగిపోయింది.

ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడొకడు ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోయి, వారం రోజుల తరవాత తెచ్చి ఇచ్చాడు. ఊడిపోయిన కాగితాలు కుట్టాడు. కొత్త అట్ట వేశాడు. అంతేకాదు, పోయిన ఎనిమిది పేజీలూ తానే రాసి కలిపాడు. వాడి అక్షరాలు అచ్చు అక్షరాల్లాగే ఉన్నాయి. వాడి కథలో రాజకుమారుడు రాక్షసుణ్ణి చంపి క్షేమంగా ఇంటికి చేరుకున్నాడు. అది చూసి నేను చాలా సంతోషించాను. తరవాత రెండేళ్ళపాటు పిల్లలందరూ అదే అసలు కథ అనుకుని చదువుకున్నారు.

మూడో ఏట ఒక అమ్మాయి వాళ్ళ తాతగారి ఇంటి నుంచి అదే పుస్తకం ఇంకొక ప్రతి తెచ్చింది. అందులో రాజకుమారుడు గుహలోనే చనిపోతాడు. అతని తమ్ముడు వచ్చి రాక్షసుణ్ణి చంపుతాడు! తరగతిలో పెద్ద గొడవ బయలుదేరింది.

"ఏది అసలు కథండీ, మాస్టారూ? ఇన్నాళ్ళూ మేము చదివింది అబద్ధమాండీ?" అని పిల్లలు నన్ను నిలదీశారు.

అప్పుడు నేను ఏం చేశానో చివర చెబుతాను. విరిగిపోయినదాన్ని బాగుచేసేటప్పుడు, పోయిన భాగాన్ని మన ఊహతో పూరించవచ్చునా? పూరిస్తే అది పాత వస్తువేనా, లేక కొత్తదా? ఈ ప్రశ్న ఒక పుస్తకానికి సంబంధించినది మాత్రమే కాదు. ఫ్రాన్సు దేశంలో ఒక పెద్ద కోట విషయంలో నూట యాభై ఏళ్ళకు పైగా పెద్ద పెద్దవాళ్ళు ఇదే ప్రశ్న వేసుకుని వాదించుకుంటున్నారు. ఈ నెల ఆ కోట కథ చెబుతాను.

ఫ్రాన్సు రాజధాని పారిస్ నుంచి ఈశాన్యంగా, రోడ్డు మీద సుమారు 90 కిలోమీటర్లు పోతే, కొంపియేన్ అనే పెద్ద అడవి అంచున పియెర్‌ఫోన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరికి పైగా గుట్ట మీద కోట ఉన్నది. దానికి ఎనిమిది గుండ్రని బురుజులు. బురుజుల మీద గరాటాలు బోర్లించినట్టు మొనదేలిన కప్పులు. ముందు ఎత్తి దించే వంతెన. చందమామ కథల్లో కోట ఎట్లా ఉంటుందని మీరు ఊహించుకుంటారో అచ్చం అట్లాగే ఉంటుంది. 2008 నుంచి 2012 దాకా వచ్చిన 'మెర్లిన్' అనే ఇంగ్లీషు టెలివిజన్ ధారావాహికలో ఆర్థర్ కోటగా చూపించినది ఈ కోటనే.

దీన్ని మొదటిసారి చూసినవాళ్ళు, "ఆహా! ఆరు వందల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా నిలిచిందే!" అనుకుంటారు. అది పొరపాటు. ఈ కోట రెండు వందల ఏళ్ళకు పైగా కప్పులేని మొండిగోడల గుంపుగా పడి ఉన్నది. ఇవాళ మనకు కనిపించేదానిలో చాలా భాగం 19వ శతాబ్దంలో కట్టినది.

అసలు కోటను కట్టించినవాడు ఓర్లియాన్ ప్రభువైన లూయీ. ఇతను ఫ్రాన్సు రాజు ఆరవ చార్లెస్‌కు తమ్ముడు. రాజుకు 1392 నుంచి మతి చలించే జబ్బు వస్తూ పోతూ ఉండేది. రాజు మంచం పట్టినప్పుడల్లా రాజ్యం ఎవరు చూడాలన్న తగాదా వచ్చేది. ఒకవైపు తమ్ముడు లూయీ, మరొకవైపు రాజుగారి దగ్గరి చుట్టాలే అయిన బర్గండీ ప్రభువులు. ఇట్లాంటి రోజుల్లో బలమైన కోట ఉన్నవాడిదే పైచెయ్యి. అందుచేత లూయీ 1390లలో తన పాత కోట స్థానే పియెర్‌ఫోన్‌లో పెద్ద కోట కట్టటం మొదలుపెట్టాడు. దగ్గరలోనే లా ఫెర్తే-మిలోన్ అనే చోట మరో కోట ప్రారంభించాడు. 1400లో కూసీ అనే మరో మహా దుర్గాన్ని కొన్నాడు. ఈ కూసీ పేరు గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

పియెర్‌ఫోన్ కోటను ఆ కాలానికి గొప్ప తెలివితో కట్టారు. గోడల పైభాగాన సైనికులు తిరిగే నడవా గోడ కన్న కాస్త ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. దాని అడుగున రంధ్రాలు. శత్రువు గోడ మొదట్లోకి వస్తే ఆ రంధ్రాల లోనుంచి అతని నెత్తిన రాళ్ళు వెయ్యవచ్చు. నడవాలు ఒకదాని పైన ఒకటి, రెండు వరసలు. ఎనిమిది బురుజులకూ ఎనిమిదిమంది వీరుల పేర్లు: హెక్టర్, అలెగ్జాండర్, సీజర్, జాషువా, జూడాస్ మకాబియస్, ఆర్థర్, షార్లమేన్, గాడ్‌ఫ్రీ. ఒక్కొక్క బురుజుకు ఆ వీరుడి రాతి విగ్రహం ఉండేది.

ఇంత చేసినా లూయీని కోట కాపాడలేకపోయింది. 1407 నవంబరు 23 రాత్రి పారిస్ వీధిలో అతన్ని హంతకులు నరికి చంపారు. చంపించినవాడు బర్గండీ ప్రభువైన జాన్. లూయీ పోవటంతో లా ఫెర్తే-మిలోన్ కోట పని మధ్యలోనే ఆగిపోయింది. దాని ముందరి గోడ సగం కట్టిన స్థితిలో ఈనాటికీ నిలబడి ఉన్నది.

తరవాత రెండు వందల ఏళ్ళలో పియెర్‌ఫోన్ ఎన్నో చేతులు మారింది. 1617లో దాని యజమాని, రాజు పదమూడవ లూయీ మీద తిరగబడిన ప్రభువులతో చేరాడు. రాజసైన్యం వచ్చి కోటను ముట్టడించి పట్టుకున్నది. "ఇక ఈ కోట మళ్ళీ ఎవరికీ పనికిరాకూడదు" అని రాజు పక్షంవారు నిర్ణయించారు. బయటి కట్టడాలు కూలగొట్టారు. కప్పులు పీకేశారు. బురుజులను నిలువునా చీల్చారు. కాని గోడలన్నీ నేలమట్టం చెయ్యటం వాళ్ళ తరం కాలేదు. ఆ పని అంత పెద్దది. సగంలో వదిలేశారు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. గోడలు కూలగొట్టకుండా కప్పు మాత్రమే తీసేస్తే కోట ఎట్లా పాడవుతుంది?

ఆ కాలపు లావుపాటి గోడలు మొత్తం చెక్కిన రాళ్ళతో కట్టినవి కావు. లోపలా బయటా చెక్కిన రాళ్ళు పేర్చి, మధ్యలో రాతిముక్కలూ సున్నమూ కలిపి నింపేవారు. గోడ నెత్తిన కప్పు ఉన్నంత కాలం లోపలి సున్నం పొడిగా, గట్టిగా ఉంటుంది. కప్పు పోతే వాననీరు పైనుంచి గోడ కడుపులోకి దిగుతుంది. ఏడాదికేడాది సున్నం కొంచెం కొంచెంగా కొట్టుకుపోతుంది. పైగా ఉత్తర ఫ్రాన్సులో చలికాలం నీరు గడ్డకడుతుంది. నీరు మంచు అయినప్పుడు తగ్గదు, పెరుగుతుంది. నూరు పాళ్ళ నీరు సుమారు నూటతొమ్మిది పాళ్ళ మంచు అవుతుంది. సీసా నిండా నీళ్ళు పోసి మూత బిగించి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెడితే సీసా పగిలిపోయేది అందుకే. (మీరు చేసి చూడకండి, అమ్మగారు నన్ను తిడతారు!) రాతి సందుల్లో చేరిన నీరు కూడా అదే పని చేస్తుంది. సందు కాస్తా బీట అవుతుంది. బీటలో మట్టి చేరుతుంది. మట్టిలో పక్షి వేసిన గింజ మొలుస్తుంది. మొక్క వేరు బీటను ఇంకా వెడల్పు చేస్తుంది. రావి మొక్క మొలిచిన గోడను చూసిన మీకు ఇది వేరే చెప్పనక్కర లేదు.

పియెర్‌ఫోన్‌కూ ఇదే గతి పట్టింది. 19వ శతాబ్దం తొలి రోజుల్లో మొదటి నెపోలియన్ ఆ శిథిలాలను కొన్నాడు. మూడు వేల ఫ్రాంకులు కూడా పెట్టలేదు. ఆ రోజుల్లో పాడుపడిన కట్టడాలంటే కవులకూ చిత్రకారులకూ ఒక మోజు పుట్టింది. తీగలు అల్లుకున్న మొండి బురుజులను చూడటానికి జనం బళ్ళు కట్టించుకుని వచ్చేవారు. కోరో అనే ప్రసిద్ధ చిత్రకారుడు ఆ శిథిలాలను చిత్రించాడు. 1832లో ఫ్రాన్సు రాజు లూయీ-ఫిలిప్ తన కుమార్తెను బెల్జియం రాజుకు ఇచ్చి పెళ్ళి చేసినప్పుడు, ఆ శిథిలాల మధ్యనే ఒక విందు కూడా చేశాడు.

ఇప్పుడు మన కథలోకి అసలు మనిషి వస్తాడు. అతని పేరు యూజీన్ వియొలే-ల-ద్యూక్. 1814లో పారిస్‌లో పుట్టాడు. భవనాలు కట్టించే విద్య నేర్చుకోవటానికి అందరూ చేరే పెద్ద కళాశాలలో చేరనన్నాడు. కాగితాలూ పెన్సిలూ పట్టుకుని దేశమంతా తిరిగి, పాత కట్టడాలను చూసి బొమ్మలు వేస్తూ తానే నేర్చుకున్నాడు. 1840లో, అతనికి 26 ఏళ్ళ వయసున, వెజలే అనే ఊళ్ళో కూలబోతున్న పెద్ద చర్చిని నిలబెట్టే పని ప్రభుత్వం అతనికి అప్పగించింది. దాన్ని నిలబెట్టాడు. తరవాత పారిస్‌లోని నోత్ర్-దామ్, దక్షిణాన కార్కసోన్ కోటపట్నం అతని చేతిలోకి వచ్చాయి. పాత కట్టడాల గురించి తాను నేర్చుకున్నదంతా పది సంపుటాల నిఘంటువుగా రాశాడు. పిల్లల కోసం కూడా రాశాడు. 1873లో వచ్చిన అతని పుస్తకంలో పాల్ అనే కుర్రవాడు ఇల్లు కట్టటం ఎట్లాగో నేర్చుకుంటాడు.

1857లో చక్రవర్తి మూడవ నెపోలియన్ ఇతన్ని పిలిచి పియెర్‌ఫోన్ బాగుచెయ్యమన్నాడు. మొదట అనుకున్నది చిన్న పనే. యజమాని నివాసమైన పెద్ద బురుజును మాత్రం బాగుచేసి, మిగతా శిథిలాలను ఉన్నవి ఉన్నట్టు అందంగా వదిలేయాలి. కాని 1861లో చక్రవర్తి మనసు మారింది. మొత్తం కోటను తిరిగి కట్టి తన విడిది చేసుకుంటానన్నాడు.

వియొలే-ల-ద్యూక్ ఊహతోనే పని ప్రారంభించలేదు. ముందు శిథిలాలను తీయించాడు. కూలిన రాళ్ళను పరిశీలించాడు. మిగిలిన గోడలను కొలిచి బొమ్మలు గీశాడు. గోడలో దూలం దూరిన రంధ్రం కనిపిస్తే, అక్కడ అంతస్తు ఎంత ఎత్తున ఉండేదో తెలుస్తుంది. గోడ మీద ఏటవాలు గీత కనిపిస్తే, కప్పు ఏ వాలున దిగేదో తెలుస్తుంది. వీరుల విగ్రహాల ముక్కలు దొరికితే, వాటిని బట్టి కొత్త విగ్రహాలు చెక్కించవచ్చు. నేరం జరిగిన చోట పోలీసులు ఆనవాళ్ళు వెతుకుతారు చూశారా? ఇదీ అట్లాంటి పనే. గోడలు, బురుజులు, నడవాల విషయంలో అతనికి ఇట్లాంటి ఆధారాలు చాలా ఉన్నాయి.

అయితే లోపలి గదుల విషయంలో ఆధారాలు తక్కువ. అక్కడ అతను ఊహకు పగ్గాలు వదిలేశాడు. లోపలి ముంగిలి చుట్టూ తనకు తోచిన వసారాలు కట్టించాడు. కప్పు కిటికీల దగ్గర రకరకాల భంగిమల్లో రాతి పిల్లులను కూర్చోబెట్టాడు. ఎక్కడా లేని వింత జంతువులను చెక్కించాడు. గోడలకు రంగురంగుల బొమ్మలు వేయించాడు. యాభై మీటర్లకు పైగా పొడవున్న ఒక పెద్ద శాలలో తొమ్మిదిమంది వీరనారుల విగ్రహాలు పెట్టించాడు. వాటిలో సెమిరామిస్ రాణి ముఖం ఎవరిదో తెలుసా? చక్రవర్తి భార్య యూజెనీది! మిగతా ఎనిమిది ముఖాలూ ఆమె కొలువులో ఉండే స్త్రీలవి. కోటలోని ప్రార్థనా మందిరం వాకిట జేమ్స్ అనే సాధువు విగ్రహం ఉన్నది. దానికి వియొలే-ల-ద్యూక్ తన ముఖమే పెట్టించాడు.

ఇంతా చేసి చక్రవర్తి అక్కడ కాపురం ఉన్నాడా? లేదు. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చింది. సెప్టెంబరులో సెడాన్ అనే చోట ఓడిపోయి చక్రవర్తి శత్రువులకు చిక్కాడు. సింహాసనం పోయింది. కోట పని మాత్రం మెల్లగా సాగింది. 1879లో వియొలే-ల-ద్యూక్ చనిపోయాడు. తరవాత అతని అల్లుడు, ఇతరులు కొంత పని చేయించారు. 1885లో డబ్బు లేక పని ఆగిపోయింది. అప్పటికి సుమారు 50 లక్షల ఫ్రాంకులు ఖర్చయింది. మూడు వేల ఫ్రాంకుల లోపు కొన్న కోటకు యాభై లక్షల ఖర్చు! లోపలి గదుల్లో కొన్ని ఈనాటికీ అలంకారం లేకుండా బోసిగానే ఉన్నాయి.

ఈ విధంగా బాగుచెయ్యటం సరి అయినదేనా?

సరి అయినదే అన్నాడు వియొలే-ల-ద్యూక్. అతని అభిప్రాయంలో జీర్ణోద్ధరణ అంటే అతుకులు వెయ్యటం కాదు. కట్టినవాడి ఆలోచన పట్టుకుని, కట్టడాన్ని పూర్తి రూపానికి తీసుకురావాలి. ఆ పూర్తి రూపం గతంలో ఏనాడూ లేకపోయినా ఫరవాలేదు!

కాదు అన్నాడు ఇంగ్లీషు రచయిత జాన్ రస్కిన్. గాంధీగారు 1904లో దక్షిణాఫ్రికాలో రైలు ప్రయాణంలో చదివి, తన జీవితాన్నే మార్చుకున్న పుస్తకం రాసినది ఈ రస్కినే. 1849లోనే రస్కిన్ ఇట్లా వాదించాడు: పాత కట్టడం చనిపోయిన మనిషి లాంటిది, దాన్ని తిరిగి బతికించలేము. పాత రాతి మీద ఆనాటి శిల్పి చెయ్యి ఉన్నది. ఆ రాయి తీసి కొత్తది పెట్టి, "ఇది పాతదే" అనటం అబద్ధం. కట్టడం పడిపోకుండా ఎప్పటికప్పుడు కనిపెట్టుకుని ఉండండి, అప్పుడు జీర్ణోద్ధరణ అవసరమే ఉండదు.

ఇద్దరూ తెలివిగలవాళ్ళే. ఇద్దరికీ పాత కట్టడాలంటే ప్రాణమే. ఎవరి మాట వినాలి? ఇప్పుడు మిమ్మల్ని గుర్తుపెట్టుకోమన్న కూసీ కోట దగ్గరికి పోదాం.

కూసీ పియెర్‌ఫోన్‌కు ఎంతో దూరం లేదు, సుమారు 30 కిలోమీటర్లు. 13వ శతాబ్దం తొలి భాగంలో మూడవ అంగెరాన్ అనే ప్రభువు కట్టించాడు. దాని మధ్య ఉండే పెద్ద బురుజు ఎత్తు సుమారు 54 మీటర్లు, అడ్డుకొలత 31 మీటర్లు. మీ బడి మీద ఇంకా ఎన్ని అంతస్తులు వేస్తే అంత ఎత్తు అవుతుందో లెక్క కట్టండి. 1652లో రాజు పక్షంవారు ఆ కోటనూ పాడుచేశారు. 1692లో భూకంపం వచ్చి ఆ బురుజు పైనుంచి కిందికి బీటవారింది. అయినా పడలేదు.

ఈ బురుజును చూడటానికీ వియొలే-ల-ద్యూకే వచ్చాడు. ఇక్కడ అతను వేరే విధంగా ప్రవర్తించాడు. తిరిగి కట్టలేదు. బీటలు పెరగకుండా, పీపాకు కట్టు వేసినట్టు, బురుజు చుట్టూ ఇనప కట్లు బిగించాడు. దాన్ని కొలిచి, ప్రతి అంతస్తుకూ, ప్రతి కమానుకూ బొమ్మలు గీశాడు. వాటిని తన నిఘంటువులో అచ్చువేయించాడు. అంతే.

ఆ తరవాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1917 మార్చిలో జర్మను సైన్యం ఆ ప్రాంతం నుంచి వెనక్కి తగ్గింది. పోతూ పోతూ ఆ బురుజును పేల్చివేయాలనుకున్నది. జర్మను సేనాపతులలో ఒకడైన బవేరియా యువరాజు రుప్రెఖ్ట్, "దానివల్ల ఎవరికీ సైనిక లాభం లేదు, వదిలిపెట్టండి" అని పైవారిని కోరాడు. వాళ్ళు వినలేదు. 28 టన్నుల మందు పెట్టి పేల్చారు. ఏడు వందల ఏళ్ళు నిలిచిన బురుజు, భూకంపానికి కూడా పడనిది, రాళ్ళ గుట్ట అయిపోయింది. యుద్ధం చేసిన పాడు అందరికీ తెలియాలని ఫ్రెంచివారు దాన్ని తిరిగి కట్టలేదు.

ఇవాళ కూసీ బురుజు లోపల ఎట్లా ఉండేదో మనకు తెలిసేది ఎట్లా? చాలావరకు వియొలే-ల-ద్యూక్ గీసిన బొమ్మల వల్లనే. పియెర్‌ఫోన్‌లో యాభై లక్షలు ఖర్చుపెట్టి చేసిన పని మీద ఈనాటికీ వాదన నడుస్తున్నది. కూసీలో ఒక పెన్సిలూ కొలతల తాడూ పట్టుకుని చేసిన పనికి మాత్రం అందరూ చేతులెత్తి నమస్కరిస్తారు. అందుచేత పాత కట్టడానికి మనం చేయగల మొదటి మేలు దాన్ని శ్రద్ధగా చూసి, కొలిచి, రాసి పెట్టటం. అది కట్టడాన్ని ఏమీ చెయ్యదు. కట్టడం పోయినా అది మిగులుతుంది.

ఇక రెండో మేలు, బాగుచెయ్యటం. దానికి నియమాలు పెట్టుకోవటానికి 1964లో వెనిస్ నగరంలో చాలా దేశాల నిపుణులు సమావేశమైనారు. వాళ్ళు వియొలే-ల-ద్యూక్ మాటా పూర్తిగా ఒప్పుకోలేదు, రస్కిన్ మాటా పూర్తిగా ఒప్పుకోలేదు. వాళ్ళ నియమాల సారం ఇది: బాగుచెయ్యండి, కాని ఆధారం ఉన్నంత వరకే. ఊహ మొదలైన చోట చెయ్యి ఆపండి. కొత్తగా ఏదైనా కలపక తప్పకపోతే, అది కొత్తదని చూసేవాడికి తెలియాలి. ఏ రాయి ఎందుకు మార్చారో రాసి దాచిపెట్టండి. ఈ నియమాలను అనేక దేశాలవారు ఆదర్శంగా పెట్టుకున్నారు.

ఈ లెక్కన పియెర్‌ఫోన్ తప్పు కట్టడమేనా? కూలగొట్టి మళ్ళీ శిథిలం చేయాలా? వద్దు. అది ఇప్పుడు 19వ శతాబ్దపు మనుషులు పాత కాలాన్ని ఎట్లా ఊహించుకున్నారో చెప్పే కట్టడం. అది కూడా చరిత్రే. ఫ్రెంచి ప్రభుత్వం దాన్ని ఆ విధంగానే జాగ్రత్త చేస్తున్నది. చూడవచ్చినవారికి ఏది లూయీ కాలంది, ఏది వియొలే-ల-ద్యూక్ చేసినది అని తెలిస్తే చాలు, ఇక అందులో మోసం లేదు.

ఈ మధ్య జరిగిన సంగతి ఒకటి చెబుతాను. పారిస్‌లోని నోత్ర్-దామ్ చర్చికి పూర్వం ఉన్న శిఖరాన్ని, పాడైపోయిందని 18వ శతాబ్దం చివరలో తీసేశారు. వియొలే-ల-ద్యూక్ 1859 నాటికి కొత్త శిఖరం నిలబెట్టాడు. అది పాతదానికి నకలు కాదు, తాను ఊహించి చేసినది. 2019 ఏప్రిల్ 15న ఆ చర్చి అంటుకుని, శిఖరం మంటల్లో కూలిపోయింది. దాని స్థానే ఏం కట్టాలని పెద్ద వాదన జరిగింది. కొందరు ఈ కాలపు శిఖరం కట్టాలన్నారు. చివరకు వియొలే-ల-ద్యూక్ కట్టినట్టే, ఓకు దూలాలతోనే కట్టాలని తేల్చారు. 2024 డిసెంబరులో చర్చి తిరిగి తెరిచారు. ఒకనాడు "కొత్తది" అని కొందరు విమర్శించిన శిఖరాన్నే, పాత శిఖరంగా ఎంచి, మళ్ళీ నిలబెట్టారు చూశారా! ఆ పనికి ఆధారం ఏమిటనుకున్నారు? అతను గీసి పెట్టిన బొమ్మలూ, ఆ తరవాత ఇతరులు తీసిన కొలతలూ.

ఆ పనిలో పాల్గొన్న వడ్రంగులు కొందరు గెదెలోన్ అనే చోట పనిచేసినవాళ్ళు. అక్కడ 1997 నుంచి 13వ శతాబ్దపు పద్ధతిలో ఒక కోట కడుతున్నారు. గొడ్డలితో దూలాలు చెక్కుతారు. రాయి అక్కడే తవ్వుతారు. పెద్ద చక్రంలో మనిషి నడుస్తూ ఉంటే ఆ చక్రం తిరిగి బరువులు పైకి లేస్తాయి. అది కొత్త కోట అని దాన్ని కట్టేవాళ్ళే చెబుతారు. పాతవాళ్ళ పనితనం నేర్చుకోవటానికి పాత కోటను కదిలించనక్కర లేదని వాళ్ళు రుజువు చేశారు.

ఇక నా పుస్తకం సంగతి చెప్పాలి గదా!

పేజీలు రాసిన కుర్రవాడు అప్పటికి పదో తరగతిలో ఉన్నాడు. గొడవ విని వాడే వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "కథ సగంలో ఆగిపోయిందని బాధేసి రాశానండి. మోసం చెయ్యాలని కాదండి. ఆ కాగితాలు చించేస్తానండి," అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు నాకు తెలిసింది, తప్పు వాడిది కాదు, నాది. వాడు చిన్నవాడు, ప్రేమతో రాశాడు. నేను పెద్దవాణ్ణి. ఆ పేజీలు ఎవరు రాశారో తెలిసి కూడా, పుస్తకం బాగుపడిందన్న సంతోషంలో ఒక్క మాట రాసి పెట్టలేదు. పిల్లలందరి ముందూ ఆ మాట ఒప్పుకున్నాను. కాగితాలు చించనివ్వలేదు. ఎర్ర పెన్సిలు తీసుకుని, అచ్చు పేజీలు అయిపోయిన చోట ఒక గీత గీశాను. "ఇంతవరకు అచ్చు పుస్తకం. ఇక్కడి నుంచి, చెదలు తిన్న పేజీలకు బదులుగా మన బడి విద్యార్థి ఊహించి రాసినది" అని, కింద వాడి పేరూ సంవత్సరమూ రాశాను. ఆ అమ్మాయి తెచ్చిన ప్రతిలో నుంచి అసలు ముగింపు నకలు చేయించి, దాని వెనక కుట్టించాను. ఆ తరవాత పిల్లలు రెండు ముగింపులూ చదివి, ఏది బాగుందని వాదించుకునేవారు. నేను ఆ బడి వదిలి వచ్చేనాటికి కూడా ఆ పుస్తకం బీరువాలో ఉన్నది, మునుపటి కన్న ఎక్కువగా నలిగి.

ఆ ఎర్ర గీత ఎంత చిన్నది! కాని పియెర్‌ఫోన్ వంటి కోటకైనా, ఎనిమిది పేజీలు పోయిన పుస్తకానికైనా కావలసినది అదే. పాతది ఎంతవరకో, కొత్తది ఎక్కడి నుంచో నిజం చెప్పే గీత.

ఈ నెల మీకు ఒక పని. మీ ఊళ్ళో పాత గుడి, కోటగోడ, మెట్లబావి, లేకపోతే మీ తాతగారి ఇల్లయినా సరే, ఒకసారి అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్ళి శ్రద్ధగా చూడండి. పాత రాయి ఏది, తరవాత పెట్టిన రాయి ఏది? సున్నం ఎక్కడ ఆగింది, సిమెంటు ఎక్కడ మొదలైంది? గోడ నెత్తిన నీరు ఎక్కడ దిగుతున్నది? గోడ ఎక్కకండి, రాయి కదపకండి, పేరు చెక్కకండి. అడుగుల లెక్కన కొలిచి, ఒక బొమ్మ గీసి, కింద తేదీ వేసి దాచుకోండి. మీరు నా అంత పెద్దవాళ్ళయ్యేనాటికి ఆ గోడ ఉంటుందో లేదో ఎవరు చెప్పగలరు? బొమ్మ మాత్రం మీ దగ్గర ఉంటుంది.